తెలుగు కథనంలో వర్తమానకాలం: మన్యం నేపథ్యసాహిత్యం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కథను వర్తమానకాలంలో చెప్పే పద్ధతి నేటి తెలుగు కథకులకు, ముఖ్యంగా కొత్తగా రాస్తున్నవారికి, ఇష్టమైన పద్ధతుల్లో ఒకటి. ఆంగ్లంలో ఈ పద్ధతికి సామాన్య వర్తమానం ఆధారం. తెలుగులో అదే పనికి 'వస్తాడు', 'వస్తున్నాడు' అనే రెండు క్రియారూపాలు, క్రియ లేని వాక్యం అందుబాటులో ఉన్నాయి. ఈ మూడింటి అర్థం ఒకటి కాదు. '-తాడు' రూపం భవిష్యత్తునూ, అలవాటునూ, స్వభావాన్నీ తెలుపుతుంది. అరకులోయ, తూర్పుకనుమల గిరిజన జీవితాన్ని ఈ రూపంలో కథగా చెప్పినప్పుడు, మానవశాస్త్ర గ్రంథాలు అలవాటు చేసిన 'కాలం లేని గిరిజనుడు' కథలోకి ప్రవేశించే ప్రమాదముంది. ఆ ప్రమాదానికి గల వ్యాకరణ కారణాలను, దానిని దాటడానికి తెలుగు వాక్యంలోనే ఉన్న మార్గాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వర్తమానకాలం, తద్ధర్మం, కథనం, గిరిజన సాహిత్యం, అరకు, మన్యం, తూర్పుకనుమలు.

1. ఉపోద్ఘాతం:

మన్యం మండలాల నుంచి వచ్చిన విద్యార్థులున్న డిగ్రీ తరగతిలో కథారచన గురించి పాఠం చెబుతున్నాను. ఒక పుస్తకంలోని గిరిజన జీవన వర్ణనను చదివించాను. చదివిన విద్యార్థిని కూర్చోకుండా ఒక ప్రశ్న అడిగింది. "మా తాత ఆ కొండ మీద పోడు కొట్టాడండీ. ఇందులో 'గిరిజనులు కొండవాలుల్లో పోడు కొడతారు' అని ఉంది. రెండూ ఒకటేనా మేడమ్?"

అప్పటికి నేను చెప్పిన సమాధానం పాఠ్యపుస్తకంలోని సమాధానమే. మొదటిది భూతకాలం, రెండవది తద్ధర్మం అన్నాను. ఆ అమ్మాయి అడిగినది వ్యాకరణ నామం కాదని తరువాత గ్రహించాను. మొదటి వాక్యంలో ఒక మనిషి, ఒక కొండ, ఒక పని ఉన్నాయి. రెండవ వాక్యంలో ఒక జాతి, దాని లక్షణం ఉన్నాయి. మొదటి వాక్యానికి 'ఎప్పుడు?' అన్న ప్రశ్న వేయవచ్చు. రెండవ వాక్యానికి ఆ ప్రశ్న వర్తించదు. ఈ తేడా కథనానికి సంబంధించినంతవరకు ఎంత దూరం వెళుతుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. తెలుగులో 'వర్తమానం' - క్రియారూపాల పరిశీలన:

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియలను వర్తమాన, భూత, భవిష్యత్, తద్ధర్మాలుగా విభజించి చెప్పింది. వీటిలో తద్ధర్మం ప్రత్యేకమైనది. 'తత్' అంటే అది, 'ధర్మం' అంటే స్వభావం. ఒక పని ఒక కాలంలో జరిగిందని కాక, ఆ పని చేయడం కర్తకు స్వభావమని తెలిపే రూపమిది. 'సూర్యుడు తూర్పున ఉదయించును', 'ఆవు గడ్డి మేయును' వంటి వాక్యాలు ఇందుకు ఉదాహరణలు.

గ్రాంథిక భాషలో విడివిడిగా ఉన్న భవిష్యత్తు, తద్ధర్మాలు ఆధునిక వ్యవహారంలో ఒకే రూపంలో కలిసిపోయాయి. 'వాడు రేపు వస్తాడు' అన్నా, 'వాడు రోజూ వస్తాడు' అన్నా క్రియ 'వస్తాడు' మాత్రమే. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ రూపాన్ని భవిష్యత్తు, అలవాటు రెండింటినీ తెలిపే ఒకే కాలంగా వర్ణించారు. మాట్లాడుతున్న క్షణంలో జరుగుతున్న పనికి మాత్రం 'వస్తున్నాడు' అనే రూపం వేరుగా ఉంది.

ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన విశేషం కాదు. భూతము, భూతేతరము అన్న విభజన ద్రావిడ భాషల్లో ప్రాచీనమైనది. అరకు ప్రాంతంలో కొండదొరలు మాట్లాడే కొండ భాషపై కృష్ణమూర్తి పరిశోధన 1969లో గ్రంథరూపంలో వచ్చింది. ఆ భాషలోనూ భూత, భూతేతర భేదం క్రియావ్యవస్థకు మూలం. జరిగిపోయినది ఒకవైపు, జరగబోయేదీ జరుగుతూ ఉండేదీ మరొకవైపు నిలుస్తాయి. అయితే ఈ కొండల్లో వినిపించే భాషలన్నీ ద్రావిడ భాషలు కావు. కొండ, కువి ద్రావిడ భాషలు. సవర ముండా భాష. సంతల్లో వేర్వేరు తెగలవారిని కలిపే ఆదివాసీ ఒడియా ఇండో-ఆర్య భాష. అందువల్ల మన్యం కథను తెలుగులో రాసే రచయిత, తెలిసో తెలియకో, మరొక భాషలోని కాలాన్ని తెలుగు కాలంలోకి అనువదిస్తున్నాడు. క్రియను ఎంచుకోవడం అతనికి అలంకారం కాదు, అనువాదంలో ఒక నిర్ణయం.

తెలుగులో మూడవ మార్గం క్రియారహిత వాక్యం. 'అది కొండ. కింద ఊరు. ఊళ్లో నలభై గడపలు.' ఈ మూడు వాక్యాల్లోనూ క్రియ లేదు. అయినా పాఠకుడికి అసంపూర్ణంగా తోచవు. ఆంగ్లంలో ఇటువంటివి తునకలుగా కనిపిస్తాయి. తెలుగులో ఇవి నిండు వాక్యాలే.

ఇక వ్యతిరేకార్థక రూపాలను గమనిస్తే అర్థభేదం మరింత స్పష్టమవుతుంది. 'వాళ్లు పిల్లలను బడికి పంపలేదు' అన్నది ఒక సంఘటన. 'పంపడం లేదు' అన్నది ప్రస్తుత పరిస్థితి. ఈ రెండింటికీ కారణం అడగవచ్చు. బడి దూరం కావచ్చు, ఉపాధ్యాయుడు రాకపోవచ్చు, బడిలోని భాష పిల్లలకు అర్థం కాకపోవచ్చు. 'వాళ్లు పిల్లలను బడికి పంపరు' అన్నది తీర్పు. దానికి కారణం అడిగే అవసరం వాక్యంలోనే తొలగిపోయింది. '-తాడు' రూపంలో దాగి ఉన్న స్వభావార్థం దాని వ్యతిరేకరూపంలో బయటపడుతుంది.

3. '-తాడు' రూపానికి ఉన్న పూర్వపరిచయాలు:

ఆంగ్ల కల్పనాసాహిత్యంలోని సామాన్య వర్తమానాన్ని తెలుగులోకి తెచ్చుకోదలచిన రచయితకు మొదట తట్టేది '-తాడు' రూపమే. 'అతను తలుపు తీస్తాడు. బయటికి చూస్తాడు. ఎవరూ ఉండరు.' ఈ రకమైన కథనం దృశ్యాన్ని కళ్ల ముందు నిలుపుతుందని రచయితలు భావిస్తారు. ఆ భావన పూర్తిగా తప్పు కాదు. అయితే ఈ రూపం తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. అతని చెవిలో దీనికి కనీసం మూడు పాత పరిచయాలున్నాయి.

మొదటిది రంగస్థలం. పాత నాటకాల రంగసూచనల్లో పాత్ర 'ప్రవేశించును', 'నిష్క్రమించును'. ప్రదర్శన జరిగిన ప్రతిసారీ జరగవలసిన పని కనుక అక్కడ తద్ధర్మం సహజం. సినిమా స్క్రీన్‌ప్లేలో అదే సూచన 'వస్తాడు', 'వెళ్లిపోతాడు' అయింది. రెండవది కథాసారాంశం. ఒక నవల కథను చెప్పేటప్పుడు విమర్శకులు, విద్యార్థులు, స్నేహితునికి సినిమా కథ చెప్పే ప్రేక్షకులు అందరూ ఈ రూపమే వాడతారు. ఈ వ్యాసంలోనూ నవలల కథలు చెప్పవలసిన చోట నేను అదే వాడాను. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ పాత్ర ఆ పనే చేస్తుంది గనుక అది సమంజసమే. మూడవది సమాచార వాఙ్మయం. పాఠ్యపుస్తకాలు, పర్యాటక కరపత్రాలు, శాఖల నివేదికలు ఒక ప్రాంత ప్రజల గురించి చెప్పేది ఈ రూపంలోనే.

ఈ మూడింటిలోనూ సమాన లక్షణం పునరావృత్తి. ఒక్కసారి జరిగి, మళ్లీ వెనక్కి తీసుకోలేని సంఘటనకు '-తాడు' సహజ రూపం కాదు. కాబట్టి కథ మొత్తాన్ని ఈ రూపంలో నడిపినప్పుడు పాఠకుడి మనసులో ఒక చిన్న సందేహం నిలిచి ఉంటుంది. ఇది ఈ రోజు జరిగినదా, రోజూ జరిగేదా? పట్టణంలోని ఒక ఉద్యోగి కథలో ఈ సందేహం పెద్ద నష్టం చేయదు. అతనికి చరిత్ర ఉందని, అతని జీవితం మారుతుందని పాఠకుడు ముందే నమ్ముతాడు. మన్యంలోని మనిషి విషయంలో ఆ నమ్మకం పాఠకుడికి ముందే ఉండదు. కథే దానిని కల్పించాలి.

4. మానవశాస్త్ర వర్తమానం:

గిరిజనుల గురించి రాసేటప్పుడు శాశ్వత వర్తమానంలో రాయడం మానవశాస్త్రంలో చాలాకాలం సాధారణ మర్యాదగా ఉండేది. ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథం ఇందుకు తగిన ఉదాహరణ. అక్కడ ఒక తెగవారు ఇలా వివాహమాడతారు, ఇలా పాతిపెడతారు, ఇలా వేటాడతారు. పరిశీలకుడు చూసినది ఒక ఊరిలో, ఒక సంవత్సరంలో. వాక్యంలోకి వచ్చేసరికి ఊరూ సంవత్సరమూ జారిపోయి జాతిలక్షణం మిగులుతుంది.

జొహానెస్ ఫేబియన్ 1983లో ప్రచురించిన 'టైమ్ అండ్ ది అదర్' గ్రంథంలో ఈ రచనాపద్ధతిని విమర్శించాడు. క్షేత్రంలో పరిశోధకుడూ పరిశోధితుడూ ఒకే కాలంలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. గ్రంథంలో మాత్రం పరిశోధితుడు వేరే కాలంలోకి, పాతదైన ఒక నిశ్చలస్థితిలోకి నెట్టబడతాడు. సమకాలికత్వాన్ని నిరాకరించడమే దీని ఫలితమని అతని వాదం.

ఈ విమర్శ తెలుగుకు మరింత బలంగా వర్తిస్తుందని నా అభిప్రాయం. ఆంగ్లంలో సామాన్య వర్తమానం స్వభావంతోపాటు ఇతరార్థాలనూ మోస్తుంది. తెలుగులో 'ఆడతారు', 'తాగుతారు', 'నమ్ముతారు' అన్నప్పుడు స్వభావార్థం ముందు నిలబడుతుంది. తద్ధర్మమన్న పేరే ఆ మాట చెబుతోంది.

మన్యం చరిత్రను గమనిస్తే ఈ రూపం ఎంత దాచిపెడుతుందో అర్థమవుతుంది. 1879లో రంప తిరుగుబాటు మొదలైంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది. గాం గంటందొర, గాం మల్లుదొర ఆ పోరాటంలో ముందు నిలిచారు. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ వరకు రైలుమార్గం ఈ కొండల్ని తొలుచుకుని వెళ్లింది. బొర్రా పరిసరాల గనుల లీజులపై సాగిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఇన్ని మార్పులు చూసిన నేల గురించి 'ఇక్కడి ప్రజలు ప్రకృతి ఒడిలో జీవిస్తారు' అన్న వాక్యం వ్యాకరణరీత్యా సాధువే. అయితే అందులో ఈ తేదీల్లో ఒక్కదానికీ చోటు లేదు.

5. ఇతర సాహిత్యాల అనుభవం:

వర్తమానకాల కథనంపై వివాదం ఆంగ్లసాహిత్యంలోనూ ఉంది. 2010 బుకర్ బహుమతి తుదిజాబితాలో వర్తమానకాల నవలలు ఎక్కువగా ఉండడంపై ఫిలిప్ పుల్మన్ వంటివారు అసంతృప్తి వ్యక్తం చేశారు. అంతకు ముందు ఏడాదే హిలరీ మాంటెల్ 'ఉల్ఫ్ హాల్' వర్తమానకాలంలో పదహారవ శతాబ్దపు కథ చెప్పి ఆ బహుమతి పొందింది. మన చర్చకు వీటికన్నా దగ్గరైనది ఆఫ్రికా అనుభవం.

జాయిస్ కేరీ నవల 'మిస్టర్ జాన్సన్' (1939) బ్రిటిష్ పాలనలోని నైజీరియాలో ఒక చిన్న గుమస్తా కథ. కేరీ దానిని వర్తమానకాలంలో రాశాడు. జాన్సన్ ముందువెనుకలు చూడకుండా క్షణం నుంచి క్షణానికి సాగే మనిషి కనుక పాఠకుడు కూడా అలాగే అతనితో సాగాలన్నది తన ఉద్దేశమని తరువాతి ముద్రణకు రాసిన ముందుమాటలో వివరించాడు. కథనరీతికీ పాత్రస్వభావానికీ పొత్తు కుదిరిందని చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణే. అయితే నిన్న లేని, రేపు తెలియని మనిషిగా ఒక ఆఫ్రికన్‌ను చిత్రించడం ఎవరి చూపు అన్న ప్రశ్న మిగిలి ఉంది.

ఆ నవలపై అసంతృప్తి తనను రచనకు పురికొల్పిన కారణాలలో ఒకటని చినువా అచెబె చెప్పాడు. అతని 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958) భూతకాలంలో నడుస్తుంది. ఇగ్బో సమాజపు ఆచారాలు అందులో విస్తారంగా ఉన్నాయి. అవన్నీ ఒకప్పుడు, ఒకచోట, పేరున్న మనుషులు చేసిన పనులుగా ఉన్నాయి. నవల చివర జిల్లా కమిషనర్ తాను రాయబోయే పుస్తకంలో ఒకొంక్వొ కథకు ఎంత చోటివ్వాలా అని ఆలోచిస్తాడు. ఒక అధ్యాయం అనుకున్నది ఒక పేరాకు కుదించుకుపోతుంది. నవల అంతా భూతకాలంలో నిలబెట్టిన జీవితం ఒక పాలకుని గ్రంథంలో జాతివర్ణనగా మారబోతున్న క్షణమది. రెండు రకాల రచనలకు గల తేడాను దీనికన్నా తక్కువ మాటల్లో చూపడం కష్టం.

వర్తమానకాలం ఎప్పుడూ పాలకుని పక్షానే ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. జె.ఎం. కుట్సీ 'వెయిటింగ్ ఫర్ ది బార్బేరియన్స్' (1980) ఉత్తమపురుషలో, వర్తమానకాలంలో సాగుతుంది. అక్కడ కథ చెప్పేది సరిహద్దు పట్టణపు న్యాయాధికారి. సామ్రాజ్యం రుతువుల కాలాన్ని వదిలి ఉత్థానపతనాల కాలాన్ని ఎంచుకుందని అతడే గ్రహిస్తాడు. వర్తమానంలో చిక్కుకుని తన పని తనకు అర్థం కాక తడుముకునేవాడు ఇక్కడ పాలకవర్గానికి చెందినవాడు. అంటే ఏ కాలం వాడారన్నదానితోపాటు ఆ కాలంలో ఎవరిని బంధించారన్నది కూడా చూడాలి.

6. అప్పు, భూమి, సాక్ష్యం:

అరకుకు ఆనుకుని ఉన్న కోరాపుట్ కొండల జీవితాన్ని ఒడియా నవలాకారుడు గోపీనాథ మహంతి రాశాడు. 'అమృతర సంతాన' నవలకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒడియాలో ఆ పురస్కారం పొందిన తొలి రచన అదే. 1945లో వచ్చిన 'పరజా' నవల ఇక్కడి చర్చకు ఉపకరిస్తుంది. ఇందులో నా పరిశీలన కథానిర్మాణానికే పరిమితం. సుక్రుజాని తన ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లతో బతుకుతున్న మనిషి. కూతురిపై కన్నేసిన అటవీ ఉద్యోగి కోరిక నెరవేరకపోవడం, చెట్లు కొట్టాడన్న నేరం, జరిమానా, దాని కోసం షావుకారు వద్ద అప్పు, అప్పుకు గోతి అనే వెట్టి, చివరకు భూమి పోవడం, హత్య. ప్రతి సంఘటనా ముందటి సంఘటన వల్ల జరిగింది.

అప్పు అంటేనే భూతకాలం. ఈ రోజు సుక్రుజాని మోసే బరువు ఒకనాడు వేసిన వేలిముద్రది. అతని దినచర్యను మాత్రమే 'లేస్తాడు, వెళతాడు, మోస్తాడు' అని చెబితే వెట్టి అతని స్వభావంలా కనిపిస్తుంది. అది ఎలా మొదలైందో చెప్పినప్పుడు మాత్రమే అన్యాయంగా కనిపిస్తుంది.

విభూతిభూషణ్ వంద్యోపాధ్యాయ 'ఆరణ్యక్' నవల సూరంపూడి సీతారాం అనువాదంలో 'వనవాసి'గా తెలుగు పాఠకులకు చిరపరిచితం. అడవిని కౌలుదార్లకు పంచి నరికించిన ఎస్టేటు ఉద్యోగి, ఏళ్ల తరువాత నగరంలో కూర్చుని ఆ కథ చెబుతాడు. ఆ నవలలోని అడవి వర్ణనలు ఎంత సజీవమైనవో తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. వాటికి బరువునిచ్చేది కథకుని పశ్చాత్తాపం. పోయినది తనవల్లే పోయిందన్న ఒప్పుకోలుకు భూతకాలం తప్పనిసరి.

సాహిత్యం బయట కూడా ఈ కొండల్లో క్రియకాలానికి విలువ ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను సవరించిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్‌ను మన్యంలో అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి గిరిజనుని నుంచే సంక్రమించిందని, కాదని రుజువయ్యేవరకు, ఆ చట్టం భావిస్తుంది. అంటే నేటి స్వాధీనం వెనుక ఒక నిన్న ఉందని చట్టమే ముందుగా అంగీకరించింది. 2006 నాటి అటవీహక్కుల గుర్తింపు చట్టం ప్రకారం గిరిజనుడు 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమి తన అధీనంలో ఉన్నట్టు చూపాలి. దాని నియమాల్లో పేర్కొన్న సాక్ష్యాధారాల్లో బావులు, సమాధులు, పవిత్రస్థలాలతోపాటు, హక్కు కోరుతున్నవారు కాక ఇతర పెద్దలు చెప్పిన మాటలను రాసుకున్న వాంగ్మూలం కూడా ఒకటి.

ఇప్పుడు నా విద్యార్థిని ప్రశ్నకు తిరిగివద్దాం. 'గిరిజనులు పోడు కొడతారు' అన్న వాక్యం ఏ భూమి మీదా ఎవరికీ హక్కు ఇవ్వదు. 'మా తాత ఆ కొండ మీద పోడు కొట్టాడు' అన్నది సాక్ష్యం. ఒక ముసలివాడు గ్రామసభలో చెప్పే ఆ కథకు భూతకాలమే ప్రాణం. కథారచయిత వకీలు కావలసిన పని లేదు. అయినా తాను రాస్తున్న మనుషులకు భూతకాలం ఒక ఆస్తి అని గుర్తుంచుకోవడం అవసరం.

7. వర్తమానకథనం - ప్రయోజనాలు, పరిమితులు:

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి మన్యం కథలన్నీ భూతకాలంలోనే రాయాలని తీర్మానించడం సరికాదు. భూతకాలానికీ తన ప్రలోభాలున్నాయి. 'ఒకప్పుడు ఈ కొండల్లో అందరూ ఆనందంగా ఉండేవారు' అనే '-ఏవారు' రూపం మరో రకం నిశ్చలచిత్రం. అది గిరిజనుణ్ణి స్వభావంలో కాక జ్ఞాపకంలో బంధిస్తుంది. అందువల్ల ఏ రూపం ఏ పని చేస్తుందో చూసుకోవాలి. ఇందుకు నేను కల్పించిన కొన్ని నమూనా వాక్యాలను పరిశీలిద్దాం.

(అ) సోమన్న తెల్లవారకముందే లేస్తాడు. గొడ్డలి భుజాన వేసుకుంటాడు. కొండ ఎక్కుతాడు. సంతరోజున అడ్డాకులు మోసుకుని దిగుతాడు. రాత్రికి ధింసా ఆడతాడు.

ఇక్కడ సోమన్న అన్న పేరు తీసివేసి 'గిరిజనుడు' అని ఉంచినా వాక్యాలు చెక్కుచెదరవు. కథకు ఇది ప్రమాదసూచన. పేరును జాతినామంతో మార్చగలిగినప్పుడు అక్కడ పాత్ర ఇంకా పుట్టలేదన్నమాట.

(ఆ) సోమన్న కొండ ఎక్కుతున్నాడు. భుజాన ఉన్నది కొత్త గొడ్డలి. పోయిన ఏడాది గార్డు లాక్కున్నదానికి బదులు అప్పు చేసి కొన్నది.

ఈ వాక్యాల్లో ప్రధానక్రియ వర్తమానంలో ఉంది. 'ఎక్కుతున్నాడు' అనడంతో ఇది ఈ రోజని, ఈ క్షణమని తేలింది. 'లాక్కున్న', 'చేసి', 'కొన్న' అనే అసమాపక రూపాలు గత ఏడాదిని ఈ క్షణంలోకి తెచ్చాయి. ఇక్కడ 'గిరిజనుడు' అని మార్చి చదివితే వాక్యం ఒప్పుకోదు. ఆ గొడ్డలి ఒక్క సోమన్నదే.

(ఇ) కొండవాలు. వలిసె చేను. చేను చివర సమాధి రాయి. రాయి పక్కన కొత్తగా పాతిన సిమెంటు దిమ్మ.

క్రియారహిత వాక్యాలతో నడిచిన ఈ వర్ణన వర్తమానంగానే తోస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకుకు వచ్చే పర్యాటకుడు వలిసెపూలను చూసి ఫొటో తీసుకుంటాడు. ఈ వర్ణన అక్కడ ఆగలేదు. సమాధి ఒక వంశపు నిన్నను, 'పాతిన' అనే విశేషణం ఎవరో గీసిన సరిహద్దును చూపాయి. వివాదం గురించి ఒక్క మాటా చెప్పకుండానే పాఠకుడికి అది తెలిసింది.

ఈ మూడు నమూనాల నుంచి తేలే విషయం ఒకటుంది. తెలుగు వాక్యానికి సమాపకక్రియ చివర వస్తుంది. దానికి ముందు క్త్వార్థకాలు, విశేషణరూపాలు ఎన్నయినా నిలబడతాయి. చివరి క్రియ వర్తమానంలో ఉన్నా లోపలి రూపాలు భూతాన్ని మోయగలవు. ఆంగ్ల వర్తమానకథనాన్ని అనుకరిస్తూ చిన్నచిన్న '-తాడు' వాక్యాలు పేర్చుకుంటూ పోతే రచయిత ఈ సౌలభ్యాన్ని వదులుకుంటున్నాడు. పొట్టి వాక్యంలో అసమాపకక్రియకు చోటుండదు. దానితోపాటే పాత్ర గతానికీ చోటుండదు.

'-తాడు' రూపానికి సహజమైన చోట్లు కూడా కథలో ఉన్నాయి. చైత్రంలో వచ్చే ఇటుకల పండగ వంటి సామూహిక ఆచారాన్ని ఏటేటా తిరిగివచ్చేదిగా చెప్పవలసినప్పుడు అది తగిన రూపమే. ఆ ఆచారం ఈ ఏడు తప్పిపోయిందని చెప్పడానికి కూడా అది బలమైన నేపథ్యం. 'ఏటా వేటకు వెళతారు. ఈ ఏడు వెళ్లలేదు.' అన్నప్పుడు కథ మొదలైంది. మొదటి వాక్యం స్వభావం, రెండవది చరిత్ర. రెండింటి మధ్య ఉన్న విరుపే కథావస్తువు.

శ్రీకాకుళ గిరిజనోద్యమం నేపథ్యంగా భూషణం రాసిన 'కొండగాలి' కథల నుంచి, గిరిజన సమాజంలో పుట్టిన మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథల వరకు ఉత్తరాంధ్ర కొండల కథకు ఒక పరంపర ఉంది. వాడ్రేవు చినవీరభద్రుడు గిరిజన విద్యారంగంలో తన అనుభవాలను 'కొన్ని కలలు కొన్ని మెలకువలు'గా గ్రంథస్థం చేశారు. ఈ రచనలను ఇతివృత్తం, మాండలికం, ఉద్యమచైతన్యం దృష్ట్యా పరిశీలించడం మనకు అలవాటు. క్రియారూపాల దృష్ట్యా, ముఖ్యంగా లోపలివారి రచనల్లోనూ బయటివారి రచనల్లోనూ '-తాడు', '-తున్నాడు', '-ఆడు' రూపాలు ఏయే సందర్భాల్లో వస్తున్నాయన్న దృష్టితో చదివితే కొత్త ఫలితాలు రాగలవు. ఆ పనికి ఈ వ్యాసం ఒక ప్రాతిపదిక మాత్రమే.

8. ముగింపు:

- తెలుగులో వర్తమానకాల కథనం ఒకే పద్ధతి కాదు. '-తాడు', '-తున్నాడు', క్రియారహిత వాక్యం అనే మూడు మార్గాలకు మూడు వేర్వేరు అర్థచ్ఛాయలున్నాయి.

- '-తాడు' రూపంలో తద్ధర్మార్థం సజీవంగా ఉంది. గిరిజన జీవితాన్ని ఆద్యంతం ఈ రూపంలో కథనం చేస్తే సంఘటన అలవాటుగా, అన్యాయం స్వభావంగా కనిపించే అవకాశముంది. వ్యతిరేకార్థక రూపాల్లో ఇది మరింత తీవ్రం.

- పాత్ర పేరు స్థానంలో జాతినామం ఉంచి చదవడం ఈ దోషాన్ని గుర్తించడానికి సులభమైన పరీక్ష. వాక్యం మారకుండా నిలబడితే రచయిత మరోసారి ఆలోచించాలి.

- వర్తమానకథనం కోరుకునే రచయితకు అసమాపక క్రియలు, భూతకాల విశేషణాలు అండగా ఉన్నాయి. వీటితో క్షణాన్నీ దాని వెనుక ఉన్న కాలాన్నీ ఒకే వాక్యంలో నిలపవచ్చు.

తరువాతి వారం ఆ విద్యార్థిని తన తాత గురించి రెండు పుటల కథ రాసి తెచ్చింది. కథ వర్తమానంలోనే ఉంది. తాత మంచం మీద పడుకుని ఉన్నాడు, మనవరాలు కాగితం పట్టుకుని పక్కన కూర్చుని ఉంది, అతను చెబుతున్నాడు, ఆమె రాసుకుంటోంది. అతను చెబుతున్నదంతా భూతకాలంలో ఉంది. ఈ వ్యాసంలో నేను ఇన్ని పుటల్లో చెప్పదలచుకున్నది ఆమె కథలో అప్పటికే ఉంది.